ఒక థౌ ఎంతుంటుంది? సాలూరు లారీ షెడ్డులో తెలిసిన బేరింగ్ చరిత్ర

ముందు నా చేతిలో ఉన్నది చూడండి. వెడల్పాటి గాజుని సరిగ్గా మధ్యకి కోస్తే వచ్చే సగం ముక్కలా ఉంది కదా. దీన్ని షెల్ బేరింగ్ అంటారు. ఇలాంటివి రెండు కలిస్తే ఒక బేరింగ్. కారు ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ తిరిగేది వీటి మధ్యలోనే.

ఇది మా నాన్న అంబాసిడర్‌లోంచి తీసింది. లోపలి వైపు అంతా ఒకే బూడిద రంగులో నున్నగా ఉండాలి. కానీ ఇక్కడ, అంచు దగ్గర చూడండి. పైపూత మొత్తం తుడుచుకుపోయి కింద ఉక్కు కనిపిస్తోంది. ముక్క ఖరీదు పెద్దగా ఏం లేదు. కానీ ఇది పోయినందుకు ఇంజన్ మొత్తం మళ్లీ దింపాల్సి వచ్చింది. ఎందుకు పోయిందా అని వెతుక్కుంటూ వెళ్తే నేను 1839 దాకా వెళ్లాల్సి వచ్చింది. ఈరోజు ఎపిసోడ్ అదే.

సుంకి ఘాట్‌లో టక్ టక్

మాది పార్వతీపురం. నాన్న చాలా ఏళ్లు ఆ కారుని ట్యాక్సీగా నడిపారు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. నాన్న ట్యాక్సీ మానేశాక అది ఇంటి వెనకే పడి ఉంది. పోయినేడాది ఇంజన్ పని చేయించాం. ఎక్కడ చేయించామో చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే అర్థమవుతుంది. "గట్టిగా కట్టేశాం సార్, ఇంక చూసుకోనక్కర్లేదు" అని ఇచ్చారు.

నెల రోజులు బాగానే తిరిగింది. తర్వాత నాన్నకి ఘాట్ ఎక్కాలనిపించింది. సాలూరు దాటితే సుంకి ఘాట్, పైన ఒడిశా, కోరాపుట్. ఒకప్పుడు ఆయన ప్యాసింజర్లతో ఎక్కిదిగిన రోడ్డే. సగం ఎక్కేసరికి ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారడం మొదలైంది. రెండు మలుపుల తర్వాత కింద నుంచి చప్పుడు. టక్, టక్, టక్. నాన్న వెంటనే ఇంజన్ ఆపేశారు. "రాడ్డు కొడతాంది" అన్నారు. ఇంకాస్త లాగించి ఉంటే రాడ్డు బ్లాకుని పగలగొట్టుకుని బయటికి వచ్చేసేది. అప్పుడిక బాగుచేయడానికి ఇంజనే ఉండదు.

కిందికి దిగుతున్న లారీకి తాడు కట్టుకుని సాలూరు చేరాం.

సాలూరు తెలియనివాళ్లకి ఒక మాట. మా పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. సాలూరు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే లారీల ఊరు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే జాతీయ రహదారి, పాత నంబరు 43, ఈ భాగానికి ఇప్పటి నంబరు 26, ఈ ఊరి మీదుగానే కొండెక్కుతుంది. లారీ ఓనర్లు, డ్రైవర్లు, బాడీ కట్టేవాళ్లు, మెకానిక్ షెడ్లు, ఊరంతా అదే పని. బరువు బండి ఘాట్ ఎక్కితే ఇంజన్‌కి ఏమవుతుందో ఇక్కడివాళ్లకి పుస్తకం చూసి చెప్పాల్సిన అవసరం లేదు.

మాకు దొరికిన మేస్త్రి గారికి డెబ్భై దాటి ఉంటాయి. సంపు విప్పి, కిందనుంచే మూడో రాడ్డు క్యాప్ తీశారు. షెల్ చూడలేదు. క్యాప్ అంచుని వెలుతురుకి పెట్టి చూశారు. బొటనవేలితో రుద్ది నా చేతికిచ్చారు. "సూడు బాబూ, ఆకురాయి గీతలు" అన్నారు.

నిజమే. రాడ్డూ క్యాపూ కలిసే చోట, నున్నగా ఉండాల్సిన అంచు మీద, సన్నటి అడ్డగీతలు. ఎవరో ఆకురాయి పట్టి అరగదీశారు. ఎందుకు? క్రాంక్ అరిగింది. బేరింగ్‌కీ దానికీ మధ్య సందు ఎక్కువైంది. క్రాంక్ గ్రైండింగ్‌కి పంపాలంటే ఖర్చు, రోజులు. క్యాప్ అంచు కొంచెం అరగదీస్తే క్యాప్ పైకి జరుగుతుంది, సందు తగ్గుతుంది. పని అయిపోయింది.

నాకు కోపం వచ్చింది. మోసం చేశారు అన్నాను. మేస్త్రి గారు ఒప్పుకోలేదు. "మా గురువు గారు నాకు నేర్పిందీ ఇదే. పని తప్పు కాదు బాబూ, పనికి కాలం తప్పింది" అన్నారు. ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టింది.

పోత బేరింగుల కాలం

1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే ఆయన ఒక పేటెంట్ తీసుకున్నాడు. తిరిగే ఇరుసు కింద మెత్తటి లోహం పొర వేయడం గురించి. ఆ లోహంలో ఎక్కువ భాగం తగరం, కొంచెం యాంటిమొనీ, కొంచెం రాగి. ఇప్పటికీ దాన్ని బాబిట్ మెటల్ అంటారు. మన షెడ్లలో అయితే వైట్ మెటల్.

మెత్తటి లోహం ఎందుకు? రెండు కారణాలు. నూనెలో సన్నటి ఇసుక రేణువు వస్తే అది మెత్తటి పొరలో కూరుకుపోతుంది, ఇరుసుని గీకదు. ఇరుసు కొంచెం వంకరగా ఉంటే పొరే దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అరగాల్సి వస్తే చవకది అరగాలి, ఖరీదైనది మిగలాలి. లెక్క అంతే.

మొదటి తరం కార్లలో ఈ లోహాన్ని కరిగించి నేరుగా రాడ్డులో, బ్లాకులో పోత పోసేవాళ్లు. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టీ ఇలాంటిదే. పోత పోశాక అసలు పని మొదలయ్యేది. ఇరుసుకి రంగు పూసి, క్యాప్ బిగించి తిప్పి, మళ్లీ విప్పి, రంగు అంటిన చోట గీకేవాళ్లు. మళ్లీ బిగించడం, మళ్లీ గీకడం. ఇరుసు అంతటా సమానంగా ఆనేదాకా. క్యాప్ అంచుల కింద సన్నటి రేకులు పెట్టేవాళ్లు. కొన్నాళ్లకి బేరింగ్ అరిగి చప్పుడు వస్తే ఒక రేకు తీసేయడం, సందు తగ్గిపోతుంది. రేకులు అయిపోతే క్యాప్ అంచుని ఆకురాయితో రుద్దడం, మళ్లీ గీకి గుండ్రం చేయడం.

అంటే ఆ రోజుల్లో క్యాప్ రుద్దడం మంచి మేస్త్రి పనే. ఎందుకంటే తర్వాత గీకే పని కూడా ఉండేది. మా ఇంజన్‌లో మొదటి సగం చేశారు. రెండో సగం చేయలేదు. చేయాలన్నా కుదరదు, అది షెల్ బేరింగ్ కాబట్టి.

నూనె మీద తేలే ఇరుసు

అసలు సందు ఎందుకు ఉండాలి? గట్టిగా బిగిస్తే మంచిది కదా అని నాకూ అనిపించేది. దీనికి జవాబు దొరికింది రైలు ఇరుసుల దగ్గర.

1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. నూనె పోయడానికని బేరింగ్ నెత్తిన రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే నూనె లోపలికి పోవడం మానేసి పైకి ఉబికింది. చెక్క బిరడా కొట్టాడు. నూనె దాన్ని మెల్లగా బయటికి నెట్టేసింది. ప్రెషర్ గేజ్ పెట్టాడు. చదరపు అంగుళానికి 200 పౌన్ల దాకా చూపించే గేజ్, ముల్లు చివరికి కొట్టేసింది. బేరింగ్ మీద ఉన్న సగటు బరువు అందులో సగమే.

దీని అర్థం ఏంటంటే, ఇరుసు బేరింగ్‌కి తగలడం లేదు. తిరుగుతూ తిరుగుతూ నూనెని తనతో పాటు సన్నటి సందులోకి లాక్కెళ్లి, ఆ నూనె మీదే తేలుతోంది. వర్షంలో వేగంగా వెళ్తే టైరు నీళ్ల మీద తేలి బండి జారుతుంది చూడండి, అదే సూత్రం. అక్కడ మనకి ప్రమాదం, ఇక్కడ ప్రాణం. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్కంతా రాశాడు. మెకానికల్ వాళ్లు ఇప్పటికీ చదివే రేనాల్డ్స్ ఈక్వేషన్ అదే.

మా పార్వతీపురం మీదుగా రాయపూర్ లైను పూర్తయింది 1931లో. ఆ కాలపు వ్యాగన్లకి కూడా ఇలాంటి వైట్ మెటల్ బేరింగులే. నూనె పొర తెగితే ఇరుసు కాలిపోయేది. రైల్వేవాళ్లు దాన్ని హాట్ యాక్సిల్ అంటారు. మా కారుకి ఘాట్‌లో జరిగింది చిన్న సైజు హాట్ యాక్సిలే.

ఇప్పుడు సందు లెక్క. సందు మరీ తక్కువైతే నూనె సరిగా పారదు, వేడి బయటికి పోదు, బేరింగ్ పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే నూనె పక్కల నుంచి కారిపోతుంది. ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. కారే నూనె సందుకి ఘనంతో పెరుగుతుంది. అంటే సందు రెండింతలైతే కారడం రెండింతలు కాదు, ఎనిమిదింతలు. అందుకే ఒక్క బేరింగ్ వదులైనా మొత్తం ఇంజన్ ప్రెషర్ పడిపోతుంది.

ఎంత సందు ఉండాలి? పాత లెక్క ఒకటుంది. ఇరుసు వ్యాసం ప్రతి అంగుళానికి ఒక థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 25 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. దాన్ని నిలువునా మూడు పొరలుగా చీలిస్తే ఒక పొర. అంబాసిడర్ మెయిన్ జర్నల్ 2 అంగుళాలు. పాత లెక్కన 2 థౌలు. ఈ ఇంజన్ కుటుంబానికి ఫ్యాక్టరీ పుస్తకం చెప్పేది మెయిన్ బేరింగులకి అర థౌ నుంచి 2 థౌల వరకు. అంటే మొత్తం కథ వెంట్రుక కంటే సన్నటి జాగాలో నడుస్తుంది.

గీకే పని ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది

పోత బేరింగ్‌కి ఒక బలహీనత ఉంది. పొర మందంగా ఉంటే దెబ్బలకి పగుళ్లిస్తుంది. ఇంజన్ల వేగం, బలం పెరిగేకొద్దీ ఇది పెద్ద సమస్య అయింది. దీనికి అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో ఒక దారి కనిపెట్టారు. పొడవాటి ఉక్కు రేకు మీద సన్నటి బేరింగ్ లోహం పొర పరిచి, దాన్ని ముక్కలు కోసి, సగం గాజులుగా వంచడం. 1930లలో టోనీ వాండర్‌వెల్ ఆ పద్ధతికి లైసెన్సు తీసుకుని బ్రిటన్‌లో తయారీ మొదలుపెట్టాడు. ఆ బేరింగుల పేరు థిన్‌వాల్. ఫార్ములా వన్ చూసేవాళ్లకి ఇక్కడో సరదా. ఈయన తర్వాత రేసింగ్ టీమ్ పెట్టాడు. తన పేరులో సగం, బేరింగ్ పేరులో సగం కలిపి వాన్‌వాల్ అన్నాడు. 1958లో మొట్టమొదటి కన్‌స్ట్రక్టర్స్ ఛాంపియన్‌షిప్ గెలిచింది ఆ టీమే.

మన అంబాసిడర్ 1957-58లో వచ్చింది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా. దాంట్లో ఎక్కువ కాలం నడిచిన 1489 సీసీ ఇంజన్ బ్రిటన్ బీ-సిరీస్ కుటుంబానిది, షెల్ బేరింగులది. ఎంజీఏ స్పోర్ట్స్ కారులోదీ అదే కుటుంబం. మన దేశంలో షెల్స్ తయారుచేసే బైమెటల్ బేరింగ్స్ 1961లో తమిళనాడులో మొదలైంది.

షెల్స్ రావడంతో మేస్త్రి గీకే పని పోయింది. కొత్త షెల్ పెట్టడం, బిగించడం, అంతే. కానీ దానికి ఒక షరతు ఉంది. షెల్ కూర్చునే రంధ్రం కచ్చితంగా గుండ్రంగా ఉండాలి. షెల్ అంచులు రంధ్రం అంచుల కంటే కొద్దిగా పైకి లేచి ఉండేలా చేస్తారు. క్యాప్ బిగించినప్పుడు ఆ ఎక్కువ భాగం నొక్కుకుని షెల్ రంధ్రానికి గట్టిగా అతుక్కుంటుంది. దీన్నే క్రష్ అంటారు. షెల్‌ని కదలకుండా పట్టుకునేది అదే, అంచున ఉండే చిన్న నాలుక కాదు.

ఇప్పుడు క్యాప్ అరగదీస్తే ఏమవుతుంది? పైనుంచి కిందికి సందు తగ్గుతుంది, పక్కల తగ్గదు. రంధ్రం గుడ్డు ఆకారానికి వస్తుంది. క్రష్ ఎక్కువైపోయి షెల్ అంచులు లోపలికి ఉబ్బుతాయి. సరిగ్గా అక్కడే నూనె పొర తెగుతుంది. నా చేతిలో ఉన్న ఈ షెల్ ఎక్కడ అరిగిందో గుర్తుందా? అంచు దగ్గర.

మేస్త్రి గారి మాట అప్పుడు అర్థమైంది. చెయ్యి నేర్చుకున్న పని చేతిలో ఉండిపోయింది. ఆ పని ఎందుకు చేసేవారన్న కారణం మాత్రం ఒక తరం దగ్గర ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇది బాగా చూశాను. పాత కోడ్‌లో ఒక లైన్ ఉంటుంది. ఎందుకుందో ఎవరికీ తెలియదు. తెలియకుండానే కొత్త ప్రాజెక్టులోకి కాపీ చేస్తారు.

మిగిలింది రెండు సైజులే

షెల్ వెనక్కి తిప్పితే సైజు కొట్టి ఉంటుంది. మాది 020. అంటే ఆ క్రాంక్‌ని పుట్టిన సైజు నుంచి అప్పటికే 20 థౌలు తగ్గించారు. ఈ ఇంజన్‌కి షెల్స్ 10, 20, 30, 40 సైజుల్లో వస్తాయి. 40 దాటాక ఇక ఆ క్రాంక్ తుక్కే. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. కొత్త క్రాంక్ కోసం ఎవరిని అడుగుతాం?

అందుకే ఈసారి తొందరపడలేదు. మైక్రోమీటర్‌తో ప్రతి పిన్నునీ నాలుగు చోట్ల కొలిచాం. చెడిన మూడో పిన్ను గుడ్డు ఆకారానికి వచ్చేసింది, ఒక థౌ పైనే తేడా. పాలిష్‌తో పోదు. 30కి గ్రైండ్ చేయించక తప్పలేదు. రంధ్రం పాడైన రాడ్డుని వదిలేసి, బరువు సరిపోయే పాత రాడ్డు వెతికి వేశాం.

తర్వాత షెల్స్ ఎంపిక. ఇంటర్నెట్‌లో రేసింగ్ వీడియోలు చూసి, గట్టి రకం తెప్పిద్దాం అన్నాను. మేస్త్రి గారు ఒకటే అడిగారు, "క్రాంక్ మెత్తనిది, బేరింగ్ గట్టిది పెడితే ఏది అరుగుతాది?" 1839 నాటి లెక్క అదే కదా. గట్టి రాగి-సీసం బేరింగులు ఎక్కువ బరువు మోస్తాయి, నిజమే. కానీ వాటికి గట్టిపరిచిన క్రాంక్ కావాలి, లేదా పైన మెత్తటి పూత ఉండాలి. మాది మామూలు క్రాంక్, యాభై చిల్లర గుర్రాల ఇంజన్. పూత ఉన్న మామూలు షెల్స్ తీసుకున్నాం.

సందు కొలవడంలో ఇద్దరికీ పోటీ పడింది. ఆయనది పాత పద్ధతి. నూనె రాసి, బిగించి, చేత్తో క్రాంక్ తిప్పి చూడటం. నాది ప్లాస్టిగేజ్. సన్నటి మైనపు దారంలాంటిది. పిన్ను మీద పెట్టి, క్యాప్‌ని టార్క్ పానాతో పుస్తకంలో ఉన్నంత బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, దారం ఎంత వెడల్పుగా నలిగిందో చూడాలి. ఎక్కువ నలిగితే సందు తక్కువ.

ఆయన చేతికి నాలుగు రాడ్లూ బాగున్నాయి. నా దారం మాత్రం ఒక దాంట్లో సందు 2 థౌలు దాటిందని చెప్పింది. ఎందుకంటే బిగువుగా ఉంటే చేతికి తెలుస్తుంది, వదులుగా ఉంటే తెలియదు. వదులు ఎప్పుడూ సుఖంగానే తిరుగుతుంది. అలాగని నా దారమూ పూర్తిగా గెలవలేదు. అది కొలిచేది ఒక్క దిక్కే. పక్కల ఎంత ఉందో దానికి తెలియదు. మొదటి మెకానిక్ దగ్గర ఇదే దారం పెట్టి ఉంటే, ఆ అరగదీసిన క్యాప్‌లో కూడా సందు బాగుందనే చెప్పేది. చివరికి బోర్ గేజ్ తెప్పించి, క్యాపులు బిగించి, రంధ్రాలని రెండు దిక్కులా కొలిచాం. వదులుగా ఉన్న ఒక జత షెల్స్ మార్చాక, అన్నీ ఒకటిన్నర థౌ అటూ ఇటూగా వచ్చాయి.

మళ్లీ ఘాట్

కొత్త బేరింగులని కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడిపి, నూనె మార్చి, మళ్లీ సుంకి ఘాట్‌కి వెళ్లాం. మొదటి ఎత్తు రాగానే నాన్న సెకండ్ గేర్‌లోకి దించారు. ఇంజన్ ఇంకా లాగుతోంది కదా, థర్డ్‌లోనే ఉంచొచ్చు కదా అన్నాను. "గునుస్తా ఎక్కితే ఇంజన్ పోతాది, తిరుగుతా ఎక్కాలి" అన్నారు. రేనాల్డ్స్ చెప్పిందీ అదే. ఇరుసు మెల్లగా తిరుగుతూ ఎక్కువ బరువు మోస్తే నూనె పొర పలచబడుతుంది. వేగం పెరిగితే పొర మందమవుతుంది. ఘాట్ డ్రైవర్లు ఈ ఈక్వేషన్‌ని గేర్ రాడ్డుతో రాస్తారు.

ముల్లు కదల్లేదు. పైన ఆగి టీ తాగి దిగొచ్చాం.

ఇంటికొచ్చాక ఒక కాగితం మీద రాశాను. క్రాంక్ సైజు 030. ఏ పిన్నుకి ఎంత సందు. ఏ రాడ్డు మార్చాం, ఎందుకు మార్చాం. కింద పెద్ద అక్షరాలతో, క్యాప్ అంచులు అరగదీయొద్దు, కారణం ఇదీ అని నాలుగు లైన్లు. కవర్లో పెట్టి డాష్‌బోర్డు అరలో పెట్టాను. ఈ క్రాంక్‌కి ఇక ఒక్క సైజే మిగిలింది. దాన్ని ఎవరు ఎప్పుడు విప్పుతారో మనకి తెలియదు. విప్పే మనిషికి మా మేస్త్రి గారి లాంటివాళ్లు దొరక్కపోవచ్చు. కనీసం కాగితమైనా దొరకాలి.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే, ఇంజన్ పనికి ఇచ్చినప్పుడు పాత షెల్స్ పారేయొద్దని చెప్పండి. వెనక్కి తిప్పి నంబరు చదవండి. బండి చరిత్ర అక్కడ రాసి ఉంటుంది. ఉంటాను.